చతురంగ గణన సంఖ్య: పద్య పఠన నిర్ణయంలో భాజనీయత

వ్యాససంగ్రహం: చదరంగపు గళ్లలో రెట్టింపయ్యే గింజల మొత్తాన్ని భూతసంఖ్యల్లో చెప్పిన చంపకమాల ఒకటి పావులూరి గణితంలోనిదిగా ప్రసిద్ధం. ఆ సంఖ్య సంయుక్త సంఖ్య. దాని కారణాంకాలు పద్యంలోని అనేకార్థ పదాల విలువను నిర్ణయించడానికి ఎలా తోడ్పడతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పావులూరి మల్లన, భూతసంఖ్యలు, సంయుక్త సంఖ్య, కారణాంకాలు, నడగాం శాసనం.

1. ఉపోద్ఘాతం:
మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెనిగించాడు. చతురంగ పద్యం ఇరవై స్థానాల సంఖ్యను పదాలతో చెబుతుంది. శర అంటే 5, శశి అంటే 1, వియత్తు అంటే 0, వేదం అంటే 4. అంకెలను ఒకట్ల స్థానం నుండి ఎడమకు పేర్చుకోవాలి. అలా పేర్చగా వచ్చేది 18446744073709551615.

2. సంఖ్యా స్వరూపం:
మొదటి గడిలో ఒక గింజ, ఆపై ప్రతి గడిలో అంతకుముందు దానికి రెట్టింపు. అరవైనాలుగు గళ్ల మొత్తం 2ను అరవైనాలుగు సార్లు గుణించి ఒకటి తీసివేసినంత. పలాసలో అమ్మే 320 గ్రేడు జీడిపప్పును పౌనుకు 320 పలుకుల లెక్కన తీసుకుంటే, ఇన్ని పలుకుల బరువు సుమారు 26 లక్షల కోట్ల టన్నులు.

వర్గభేద సూత్రాన్ని వరుసగా వర్తింపజేస్తే ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. చివరిదానిని ఫెర్మా ప్రధాన సంఖ్యగా భావించాడు. అది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపాడు. కాబట్టి చతురంగ సంఖ్యకు ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, మొత్తం 128 భాజకాలు ఉన్నాయి.

3. పఠన నిర్ణయం:
భూతసంఖ్యల్లో ఒకే పదానికి ఒకటికి మించిన విలువలు ఉండవచ్చు. సముద్రం కొన్నిచోట్ల 4, కొన్నిచోట్ల 7. రంధ్రం సాధారణంగా 9, అరుదుగా 0. పద్యంలోని అబ్ధి, పయోనిధి పదాలను రెండింటినీ 7గా చదివితే 18476747073709551615 వస్తుంది. దీని అంకెల మొత్తం 93, చివరి అంకె 5. అందువల్ల 3, 5లతో చేసే పరీక్షల్లో దోషం బయటపడదు. 17తో భాగిస్తే మాత్రం శేషం 8 మిగులుతుంది. రంధ్రాన్ని సున్నగా చదివినా 3, 5లు పట్టుకోలేవు. 17తో శేషం 4.

ఇందుకు కారణం ఉంది. ఒక్క అంకె మారితే సంఖ్యలో వచ్చే తేడా, 1 నుండి 9 లోపు అంకెను పది ఘాతంతో గుణించినంత. పక్కపక్క అంకెలు తారుమారైతే ఆ తేడాకు మరో 9 గుణకంగా చేరుతుంది. వీటిలో దేనినీ 17 నిశ్శేషంగా భాగించలేదు. కాబట్టి లేఖకుని ఏక దోషం ఏదైనా ఈ పరీక్షకు దొరుకుతుంది. అయితే దోషం ఉందని మాత్రమే 17 చెప్పగలదు. ఏ పదంలో ఉందో చెప్పదు. రెండు మూడు దోషాలు కలిసి 17ను తప్పించుకునే అవకాశమూ ఉంది. అప్పుడు 257, 641 వంటి మిగిలిన కారణాంకాలతో కూడా పరీక్షించాలి.

4. శాసన సంఖ్యతో పోలిక:
టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతాలు కళింగ గాంగుల ఏలుబడిలో ఉండేవి. నరసన్నపేట ప్రాంతానికి చెందిన నడగాం తామ్రశాసనం వజ్రహస్తుని పట్టాభిషేక శకవర్షాన్ని వియత్, ఋతు, నిధి అనే పదాలతో చెబుతుంది. వాటి విలువలు వరుసగా 0, 6, 9; అంటే శక 960, క్రీ.శ. 1038. పద్ధతి ఒకటే అయినా ఇక్కడి సంఖ్యను సరిచూసుకోవడానికి ఏ గణిత సూత్రమూ లేదు. 960కి బదులు 970 అని చదివినా అదీ ఒక సంవత్సరమే. అందుకే శాసన పరిశోధకుడు వార, తిథి, నక్షత్రాలను ఆశ్రయించవలసి వస్తుంది.

5. ముగింపు:
భూతసంఖ్యా పదానికి విలువను నిఘంటువు సూచిస్తుంది, సందర్భం నిర్ణయిస్తుంది. శాసనంలో ఆ సందర్భం పంచాంగం. చతురంగ పద్యంలో సంఖ్య నిర్మాణమే. గణిత పద్యాల పరిష్కరణలో పాఠాంతరాలను నమోదు చేయడంతో ఆగక, ప్రతి పాఠాన్నీ లెక్కతో పరీక్షించి ఫలితాన్ని పక్కనే చూపడం అవసరం.