సౌర పంపు కన్వర్టర్లలో అస్థిరత – కారణాలు, నివారణ

నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉన్న ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట పొలాల్లో బావుల, బోర్ల నీటిని పొదుపుగా వాడుకోవలసి ఉంటుంది. తొట్టి నుండి డ్రిప్ పైపులకు నీరు పంపే చిన్న పంపును సౌర ఫలకాలతో ఛార్జి అయ్యే 24 వోల్టుల బ్యాటరీపై నడపవచ్చు. మోటారు 48 వోల్టులదైతే మధ్యలో బూస్ట్ కన్వర్టరు అవసరం. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సక్రమంగా పనిచేసిన కన్వర్టరు, ఛార్జి తగ్గేకొద్దీ కీచుమంటూ వేడెక్కితే, బ్యాటరీనో మోటారునో మార్చే ముందు నియంత్రణ వలయాన్ని పరీక్షించాలి.

కారణం

ప్రతి ఆవర్తనంలో స్విచ్ ఆన్‌లో ఉండే కాలపు వాటాను డ్యూటీ సైకిల్ అంటారు. 48 వోల్టుల అవుట్‌పుట్‌కు, బ్యాటరీ 27 వోల్టులున్నప్పుడు ఇది సుమారు 44 శాతం; 21 వోల్టులకు తగ్గితే 56 శాతం. పీక్ కరెంట్ నియంత్రణలో ఇండక్టర్ కరెంటు నిర్ణీత స్థాయిని చేరగానే స్విచ్ ఆఫ్ అవుతుంది. కరెంటులో ఏర్పడిన స్వల్ప తేడా ప్రతి ఆవర్తనంలోనూ కరెంటు తగ్గే వాలుకు, పెరిగే వాలుకు గల నిష్పత్తిలో మారుతుంది. 27 వోల్టుల వద్ద ఆ నిష్పత్తి 0.78, తేడా క్రమంగా అణగిపోతుంది. 21 వోల్టుల వద్ద 1.29, తేడా పెరుగుతూ పోతుంది. ఈ రెండు స్థితులకు 50 శాతమే సరిహద్దు.

గుర్తింపు

ఆసిలోస్కోపులో ఒక వెడల్పు పల్సు, ఒక ఇరుకు పల్సు మార్చి మార్చి కనిపిస్తాయి. స్విచింగ్ 20 కిలోహెర్ట్జ్ అయితే డోలనం 10 కిలోహెర్ట్జ్ వద్ద ఏర్పడి చెవికి వినిపిస్తుంది. ఇన్‌పుట్ వోల్టేజీ పెంచగానే డోలనం ఆగితే కారణం ఇదేనని భావించవచ్చు.

నివారణ

వోల్టేజీ ఫీడ్‌బ్యాక్‌లోని కెపాసిటర్లను మార్చినందువల్ల ఈ దోషం పోదు. కరెంటు సంకేతానికి కృత్రిమ వాలును జోడించాలి. ఇది కరెంటు తగ్గే వాలులో కనీసం సగం ఉండాలి. 100 మైక్రోహెన్రీల ఇండక్టర్‌లో 21 వోల్టుల వద్ద తగ్గే వాలు మైక్రోసెకనుకు 0.27 ఆంపియర్లు, కావలసిన వాలు 0.135 ఆంపియర్లు. అప్పుడు పై నిష్పత్తి 1.29 నుండి 0.39కి దిగుతుంది. యూసీ3842 చిప్‌లో ఆసిలేటర్ ర్యాంపును ట్రాన్సిస్టరు ద్వారా, రెసిస్టరుతో కరెంట్ సెన్స్ పిన్‌కు కలపవచ్చు. వాలు మరీ ఎక్కువైతే గరిష్ఠ కరెంటు పరిమితి తగ్గి, మోటారుకు తగిన శక్తి అందదు. డ్యూటీ సైకిల్‌ను 50 శాతానికే పరిమితం చేసే యూసీ3844 వాడితే డోలనం తప్పుతుంది గానీ, 21 వోల్టుల నుండి 48 వోల్టులు రావు.

కనుక మరమ్మతు తరువాత పంపును నిండు బ్యాటరీతోనే కాక, అనుమతించిన కనిష్ఠ వోల్టేజీ వద్ద పూర్తి లోడుతోనూ పరీక్షించి రైతుకు అప్పగించాలి.