‘ఈ బ్యాచ్ వాళ్లే’ అంటే... వయసు అడిగినట్టే!

ప్రకటన చూశారు. డిగ్రీ ఉంది, మార్కులూ ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో ‘2025లో పాసైనవారు మాత్రమే. చదువులో గ్యాప్ ఉండరాదు’ అని ఉంది. వయసు మాటే లేదు. అయినా వడపోత వయసుదే.

గోనెగండ్ల మండలం సంగతే చూడండి. వానలు మొహం చాటేసి పత్తి, వేరుశనగ దెబ్బతింటే కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోతాయి. ఇంటర్ చదివే పిల్లలూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అలా ఒకటి రెండేళ్లు పోయాక ఎమ్మిగనూరులోనో ఆదోనిలోనో డిగ్రీ ముగించేసరికి 23, 24 వచ్చేస్తాయి. వీళ్లను ‘గ్యాప్’ ఆపుతుంది. 2023లో పాసై డీఎస్సీ, గ్రూప్స్ కోచింగ్‌లో రెండేళ్లు గడిపినవాళ్లను ‘బ్యాచ్’ ఆపుతుంది. వేలల్లో వచ్చే దరఖాస్తులను తగ్గించుకోవడానికి కంపెనీకి ఇది సులువైన జల్లెడ. పని వచ్చా రాదా అన్నది అందులో తేలదు.

పైకి అందరికీ ఒకటే అనిపిస్తూ ఒక వయసువాళ్లనే దెబ్బతీసే షరతును పరోక్ష వివక్ష అంటారు. బ్రిటన్‌లో టెరెన్స్ హోమర్ కేసు ఇలాంటిదే. పోలీసు శాఖలో న్యాయ సలహాదారుగా ఉన్న ఆయనకు పై గ్రేడు రావాలంటే లా డిగ్రీ ఉండాలన్నారు. అది చదివి ముగించేలోపే 65 ఏళ్లకు రిటైరవుతారు! ఇది పరోక్ష వయో వివక్షేనని 2012లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ షరతుకు తగిన కారణం ఉందో లేదో తేల్చమని ట్రిబ్యునల్‌కు తిప్పి పంపింది.

మన దగ్గర? రాజ్యాంగం 16(2) అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టినచోటు, నివాసం పేరిట వివక్ష వద్దంటుంది. ఆ జాబితాలో వయసు లేదు. ప్రైవేటు కంపెనీలకైతే వయో వివక్షపై ప్రత్యేక చట్టమే లేదు.

కాబట్టి సర్కారు నోటిఫికేషన్లు వదలొద్దు. అక్కడ వయసు సూటిగా రాస్తారు, సడలింపూ ఉంటుంది. ఐబీపీఎస్ క్లర్క్‌కు 20–28, పీవోకు 20–30 ఏళ్లు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు అదనం. ఏ తేదీ నాటికి వయసు లెక్కిస్తారో మాత్రం తప్పక చూడండి, ఒక్క రోజు తేడాతో పోయేవాళ్లుంటారు. ప్రైవేటులో ‘గ్యాప్ ఎన్నేళ్ల వరకు పర్లేదు?’ అని హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి, కొన్నిచోట్ల ఏడాది రెండేళ్లు ఒప్పుకుంటారు. రెజ్యూమేలో ‘2019–20లో ఇంటి పరిస్థితుల వల్ల వ్యవసాయ పనుల్లో ఉన్నాను’ అని ఒక్క లైన్ చాలు. సంవత్సరాలు మాత్రం మార్చి రాయకండి. మార్కుల మెమోలతో సరిచూసేటప్పుడు బయటపడితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది.