కథలకు కట్టిన కోటలు

వేసవి సెలవుల తరువాత మా తరగతి విద్యార్థి యొకడు, అమెరికాలో నుద్యోగము చేయుచున్న తన మేనమామ పంపిన ఛాయాచిత్రము నొకదానిని బడికి దెచ్చెను. అందు రాతిగుట్టపై నొక ప్రాచీన దుర్గమును, దాని చేరువ మంచు కప్పిన యింటికప్పులును గానవచ్చుచుండెను. తోడి బాలురు దానిని చేతులు మార్చుకొని చూచి, "అయ్యగారూ, ఈ కోటను ఏ రాజు కట్టించెనండీ?" యని మమ్ము నడిగిరి. ఇది రాజు కట్టించినది కాదనియు, 2010వ సంవత్సరమున నొక వ్యాపారసంస్థ తెరచినదనియు, ఆ మంచు సయితము నిజమైనది కాదనియు మేము చెప్పగా వారి యాశ్చర్యమునకు మేర లేకపోయెను. అట్టి కోటను ఏల కట్టిరి? కట్టినవారికి లాభమేమి? ఈ ప్రశ్నలకు సమాధానముగా నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆ కోట అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఫ్లారిడాయందు, ఓర్లాండో నగరమున నున్నది. రంగులరాట్నములును, గాలిబండ్లును గల వినోదవనములు లోకమున బూర్వమునుండియు గలవు. అయితే 1955వ సంవత్సరమున కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ యనునాయన డిస్నీలాండును తెరచి, ఈ వినోదమునకు క్రొత్త రూపము గల్పించెను. అచ్చట రాట్నము వట్టి రాట్నము కాదు. ప్రతి భాగము నొక కథకు జెందియుండును. తెరమీద జూచిన కథలోనికి తామే నడచిపోవుచున్నట్లు జనులకు దోచును. ఈ పద్ధతి ఫలింపగా ఆయన ఓర్లాండో సమీపమున సుమారు 27,000 ఎకరముల భూమిని, ధర పెరుగకుండ వేఱు పేరులతో రహస్యముగా గొనిపించెను. ఆయన 1966లో మరణించెను. అచ్చటి వనము 1971 అక్టోబరు 1వ తేదీన తెరువబడెను.

రెండవ సంస్థ యూనివర్సల్. దీని స్థాపకుడైన కార్ల్ లెమ్లీ 1915లోనే తన చలనచిత్ర నిర్మాణశాలను జూచుటకు జనుల నాహ్వానించి, మనిషికి 25 సెంట్లు రుసుము గైకొనెను. అవి మూగచిత్రముల దినములు. చూపరులు కేకలు వేసినను చిత్రమునకు హాని లేదు. మాటలాడు చిత్రములు వచ్చిన పిదప ఆ సందడి పనికిరాక, ఆ యేర్పాటు నిలిచిపోయెను. 1964లో మరల నారంభమయ్యెను. తుదకు 1990 జూన్ 7వ తేదీన ఈ సంస్థయు ఓర్లాండోలో, డిస్నీకి గొన్ని మైళ్ల దూరముననే, తన వనమును తెరచెను. ఆ మొదటి దినముననే సొరచేప, పెద్దకోతి, భూకంపము మొదలగు వేడుకల యంత్రములు చెడి జనులు నిరాశ జెందిరి. కథ యెంత ప్రసిద్ధమైనను పనితనము చాలనిచో నది నిలువదని యా సంస్థ యానాడు నేర్చుకొనెను.

ఈ పోటీయందలి మర్మమును మన విద్యార్థులు గ్రహింపవలెను. ఒకడు ఎత్తైన బండిని గట్టినచో, పొరుగువాడు మఱుసటి యేట అంతకన్న నెత్తైనదానిని గట్టగలడు. కాని కథ యట్టిది కాదు. దానిపై చట్టము హక్కు నేర్పరచినది. హక్కుదారుని యనుమతి లేక ఇతరులు దానిని వాడరాదు. కావున పోటీ యంత్రములకన్న కథల హక్కులకొఱకే యెక్కువగా జరుగును. హ్యారీ పాటర్ కథల ననుసరించి యూనివర్సల్ సంస్థ 2010 జూన్ 18వ తేదీన పైజెప్పిన కోటను తెరచెను. అది యున్న వనమునకు 2009లో సుమారు 46 లక్షల జనులు వచ్చిరని యంచనా. 2011లో ఆ సంఖ్య 76 లక్షలకు బెరిగెను. 2014లో ప్రక్క వనమున నాకథకే రెండవ భాగమును గట్టి, రెంటి నడుమ రైలు నడపిరి. ఆ రైలెక్కుటకు రెండు వనములకును టికెట్టు గొనవలెను. వర్తకుల తెలివి యట్టిది.

డిస్నీ యూరకుండలేదు. 2012లో స్టార్ వార్స్ చిత్రముల సంస్థను 400 కోట్ల డాలర్లకు పైగా నిచ్చి కొనెను. 2017లో అవతార్ చిత్రములోని లోకమును, 2019లో స్టార్ వార్స్ లోకమును తన వనములయందు నిర్మించెను. మార్వెల్ సంస్థను 2009లోనే కొనినను, ఆ వీరులలో ననేకులను వనములలో జూపు హక్కును యూనివర్సల్ 1994లోనే యొడంబడికచే బొందియుండుటవలన, ఫ్లారిడాలో స్పైడర్ మ్యాన్ నేటికిని పొరుగువారి వనముననే యున్నాడు. ఇల్లు కొనియు అందలి యద్దెదారుని లేపజాలని యజమాని స్థితి యిది. ధనమెల్లప్పుడు గెలుచుననియు దలపరాదు. స్టార్ వార్స్ కథతో డిస్నీ 2022లో తెరచిన మిగుల ఖరీదైన వసతిగృహము 2023లోనే మూతపడెను. 2025 మే 22వ తేదీన యూనివర్సల్ ఎపిక్ యూనివర్స్ అను మఱియొక వనమును తెరువగా పోటీ యింకను వేడెక్కినది.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. హైదరాబాదు చేరువ 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీయందు బాహుబలి చిత్రముకొఱకు గట్టిన కోటగోడలను జూచుటకు నేడును జనులు టికెట్టు గొని పోవుచున్నారు.

మేమీ సంగతులు చెప్పి ముగింపగా, వెనుక బల్లపై గూర్చున్న బాలు డొకడు, "మా నాయన కూలిపని చేయునండి. నేనా కోటను జూడలేను గదా" యని మెల్లగా ననెను. కొందఱు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. అప్పుడు మేమిట్లు చెప్పితిమి: "నాయనా, ఆ కోట మొదట రాతితో గట్టినది కాదు. ఎడింబరో నగరమున బీదరికముతో బిడ్డను బెంచుకొనుచు నొక తల్లి కాగితముపై వ్రాసిన మాటలతో గట్టినది. ఓర్లాండోలోని కోట దాని నీడ మాత్రమే. ఆ నీడకు టికెట్టు గావలెను గాని అసలు కోటకు అక్కఱలేదు."

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. ఇట్టి వనములకు బిల్లలను దీసికొనిపోవుట తప్పు గాదు. అచ్చటి శిల్పుల పనితనము మెచ్చదగినదే. కాని వేడుక ముగిసి వెలుపలికి వచ్చు దారి అంగడిలోనుండి పోవునట్లు వారు కట్టుదురని మఱువకుడు. పోకమునుపే పిల్లవానిచే నా కథను జదివింపుడు. చదివినవాడు తన మనస్సులోని కోటతో నచ్చటి కోటను పోల్చి చూచును. చదువనివాడు బొమ్మ కావలెనని యేడ్చును.

ఆ బాలుడు మరునాడు మా గ్రంథాలయమునందలి యా మొదటి పుస్తకమును దీసికొనిపోయెను. నెల దాటినగాని తిరిగి యియ్యలేదు. మేమును జరిమానా వేయలేదు.