పాత ఫోల్డరే కదా అని తీసెయ్యకండి!

"పాపా, నేను ముట్టుకోనైనా లేదు. ఇదేందో దానంతటదే వచ్చి కూర్చునుంది. తీసెయ్యమంటావా?"

ఆదివారం పొద్దున్నే మైపాడు నుంచి మా వదిన ఫోను. వాళ్లకి రొయ్యల గుంటలున్నాయి. అన్నయ్య గుంటల దగ్గరుంటే, లెక్కలన్నీ వదినవే. మేత ఎన్ని బస్తాలు వచ్చింది, ఎవరికెంత బాకీ, పట్టుబడి రోజు కౌంటు ఎంత పడింది... ఒకప్పుడు నోటు పుస్తకంలో రాసేది. కొడుకు చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్ ఇంట్లో మిగిలిపోయాక, అన్నీ అందులోకి ఎక్కించింది.

ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. బ్యాంకు పనులు కూడా అందులోనే చేస్తుంది కదా అని కొడుకు పట్టుబట్టి, నెల్లూరులో ఒక దుకాణంలో ఇచ్చి విండోస్ 11 వేయించాడు. ఇంటికి తెచ్చి తెరిస్తే అంతా కొత్తగా, తళతళలాడుతూ ఉంది. కానీ 'మేత లెక్కలు' ఫైలు లేదు. పోయిన మామయ్య ఫొటోలు లేవు. సీ డ్రైవ్‌లో మాత్రం ఎన్నడూ చూడని రెండు ఫోల్డర్లు! ఒకటి 'విండోస్ డాట్ ఓల్డ్', రెండోది 'ఐనెట్‌పబ్'.

పక్కింటి కుర్రాడు చూసి, "పాత చెత్త అత్తా, డిలీట్ కొట్టెయ్, జాగా వస్తది" అన్నాడట. కొట్టేముందు ఎందుకో మనసొప్పక నాకు ఫోను చేసింది.

"ఏదీ ముట్టుకోవద్దు వదినా, వస్తున్నా" అని మైపాడు గేటు దగ్గర బస్సెక్కాను. పాతిక కిలోమీటర్ల దారి. దారంతా ఒకటే బెంగ. దుకాణంలో డిస్కు మొత్తం తుడిచేసి ఉంటే ఎలా? మేత ఏజెంటుకి మంగళవారం లెక్క చెప్పాలి. ఆ లెక్క ఇంకెక్కడా లేదు.

ట్రంకు పెట్టె వసారాలోనే ఉంది!

కొత్త ఇంట్లో చేరినప్పుడు ఏం చేస్తాం? అన్నీ సర్దుకునేదాకా పాత ట్రంకు పెట్టెను వసారాలో ఉంచుతాం. విండోస్ కూడా అదే పని చేస్తుంది. కొత్తది ఎక్కేటప్పుడు పాతదాన్ని పారెయ్యకుండా మూటగట్టి 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లో పెడుతుంది. కొత్తది నచ్చకపోయినా, మొరాయించినా వెనక్కి వెళ్లడానికి అది కావాలి. అందుకే అది అంత లావుగా ఉంటుంది. చాలాసార్లు పది, ఇరవై జీబీలు దాటుతుంది. 'డిస్కు నిండిపోయింది' అని ఎర్రగీత కనపడగానే మన కన్ను దానిమీదే పడుతుంది.

మామూలు అప్‌గ్రేడ్‌లో మన ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ డిస్కును ఫార్మాట్ చెయ్యకుండా పైనే విండోస్‌ను కొత్తగా ఎక్కిస్తే, మన ఫొటోలు, కాగితాలు కూడా ఆ పాత మూటలోకే వెళ్లిపోతాయి. వదిన విషయంలో జరిగింది అదే.

ఆ ఫోల్డర్ తెరిచి, అందులో 'యూజర్స్', అందులో వదిన పేరు నొక్కాం. 'మీకు అనుమతి లేదు' అంటూ ఒక పెట్టె వచ్చింది. వదిన గుండె జారిపోయింది. 'కంటిన్యూ' నొక్కితే తెరుచుకుంది. డెస్క్‌టాప్‌లో మేత లెక్కలు, పిక్చర్స్‌లో మామయ్య. పడవ పక్కన తువ్వాలు భుజానేసుకుని నవ్వుతూ నిలబడ్డ ఫొటో. వదిన మాట్లాడలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి, తర్వాత కొత్త డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేశాం. ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాం. తెరిచి చూడకుండా 'కాపీ అయిపోయింది' అనుకోకూడదు సుమా!

ఇంకో సంగతి. ఈ మూట కలకాలం ఉండదు. అప్‌గ్రేడ్ అయిన 10 రోజులకి మామూలుగా విండోస్ తనే తీసేస్తుంది. వదిన ల్యాప్‌టాప్ తెచ్చి అప్పటికి ఆరు రోజులు. ఇంకో వారం ఆలస్యం చేసి ఉంటే...?

ఖాళీ ఫోల్డర్ కథ

మరి ఆ 'ఐనెట్‌పబ్' ఏమిటి? తెరిస్తే లోపల ఏమీ లేదు, సున్నా బైట్లు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ అప్‌డేట్‌తో ఇది ప్రపంచమంతా లక్షణంగా ఎంతోమంది విండోస్ కంప్యూటర్లలో దిగింది. ఖాళీదే కదా అని ఎంతోమంది తీసేశారు. అప్పుడు మైక్రోసాఫ్ట్ చెప్పింది: అది భద్రత కోసం కావాలనే పెట్టినది, తీసెయ్యవద్దు అని. విండోస్‌లో బయటపడ్డ ఒక లోపాన్ని పూడ్చే పనిలో అది భాగం. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయలాంటిది అనుకోండి. పనేం చేస్తోందో కనపడదు, అలాగని విప్పేసుకోం.

తెలియని ఫైలును చూసి కంగారుపడటం కొత్తేమీ కాదు. 2002లో ఒక ఈమెయిల్ ఊరూరా తిరిగింది. 'మీ కంప్యూటర్‌లో ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు ఉందేమో చూడండి, అది వైరస్, వెంటనే తీసేసి స్నేహితులందరికీ చెప్పండి' అని. చూస్తే నిజంగానే ఉంది! జనం తీసేశారు. తీరా అది విండోస్‌తో పాటు వచ్చే మామూలు ఫైలే. వైరస్ లేదు, ఏమీ లేదు. మంచిచేద్దామనుకున్న వాళ్లే ఆ పుకారును మోశారు.

యాపిల్ కంప్యూటర్లు వాడే వాళ్లకీ ఇలాంటి అనుభవమే. 2019లో వచ్చిన 'క్యాటలీనా' వేసుకున్న చాలామందికి డెస్క్‌టాప్ మీద 'రీలొకేటెడ్ ఐటమ్స్' అనే ఫోల్డర్ కనపడింది. కొత్త ఏర్పాటులో తమ చోటు దొరకని ఫైళ్లను అందులో పెట్టారన్నమాట.

అలాగని అప్‌డేట్లు ఎప్పుడూ భద్రమే అనుకోవద్దు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ వేసుకున్న కొందరికి డాక్యుమెంట్సే మాయమయ్యాయి. మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్‌ను కొన్నాళ్లు నిలిపేసింది. అందుకే ముందే ఒక నకలు ఉండాలి.

ఇవి గుర్తుంచుకోండి

* అప్‌డేట్‌కి ముందు రోజే ముఖ్యమైనవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

* దుకాణంలో ఇచ్చేటప్పుడు "ఫార్మాట్ చేస్తారా? నా ఫైళ్లు ఉంటాయా?" అని అడగండి. ఫార్మాట్ చేస్తే పాత మూట కూడా మిగలదు.

* ఇంటికి తెచ్చిన రోజే మీ ఫైళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే 'విండోస్ డాట్ ఓల్డ్' వెతకండి.

* అన్నీ దొరికాక, కొత్తది సరిగ్గా పనిచేస్తోందని నమ్మకం కుదిరాక, జాగా కావాలంటే పాతదాన్ని తీసెయ్యొచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌కి వెళ్లి 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' ఎంచుకోండి. ఇక వెనక్కి వెళ్లడం కుదరదు.

* ఆ జాబితాలోనే 'డౌన్‌లోడ్స్' కూడా ఉంటుంది. దానికి టిక్కు ఉంటే తప్పకుండా తీసెయ్యండి. లేకపోతే మీరు దించుకున్నవన్నీ పోతాయి.

* 'మీ కంప్యూటర్‌లో చెత్త పేరుకుంది, శుభ్రం చేస్తాం' అంటూ తెర మీద మెరిసే ప్రకటనలు నొక్కకండి. ఫోను చేసి అలా చెప్పేవాళ్లని అసలు నమ్మకండి.

సాయంత్రం తిరిగి బయల్దేరుతూ, "పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టావు వదినా?" అని అడిగాను.

"ఇంకెక్కడ? బీరువాలో, నా గొలుసు పెట్టుకునే డబ్బాలోనే" అంది. "శనివారం శనివారం బాకీలు మాత్రం నోటు పుస్తకంలో కూడా రాసుకుంటా. ఏ పుట్టలో ఏ పాముందో మనకేం తెలుసు!"

మరి మీ పెన్‌డ్రైవ్ ఎక్కడుంది? ఈ రోజే ఒకసారి వెతికి చూసుకోండి.