నాలుగు ఊళ్ల చదువు, ఒకటే పట్టా

మొన్న జుమా నమాజు తర్వాత ఒక తండ్రి మా చేతిలో ఓ కాగితం పెట్టారు. ఆయన కూతురు చిన్నప్పుడు మా దగ్గర ఉర్దూ చదువుకుంది. ఎం.బి.బి.ఎస్. ముగించి ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తోంది. అంతర్జాతీయ ఆరోగ్యంలో మాస్టర్స్ చేయడానికి యూరప్ వెళ్తానంటోందట. "మౌల్వీ సాబ్, అడ్మిషన్ ఒక దేశంలో, క్లాసులు ఇంకో దేశంలో! ఇది అసలు డిగ్రీయేనా?" అని ఆయన సందేహం.

డిగ్రీయే. వెనకటి రోజుల్లో విద్యార్థి ఊరూరా తిరిగి ఒక్కో ఉస్తాదు దగ్గర ఒక్కో సనదు పుచ్చుకునేవాడు. ఇక్కడ మాత్రం తిరిగినంత తిరిగినా పట్టా ఇచ్చేది ఒక్క మాతృసంస్థే. 'ట్రాప్‌ఎడ్' అనే విద్యాసంస్థల కూటమి 1990లలో ఇలాంటి పద్ధతి పెట్టింది. బెర్లిన్, హైడల్‌బర్గ్, బాసెల్, ఆమ్‌స్టర్‌డామ్‌లలోని సంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. మొత్తం 60 క్రెడిట్లు. క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల శ్రమ. ముందు మాతృసంస్థలో మూల పాఠాలు, తర్వాత కోరుకున్న విషయాల్లో చిన్న కోర్సులు, చివర పరిశోధనా వ్యాసం. ఆ చిన్న కోర్సుల్లో కొన్ని మరో దేశపు భాగస్వామి సంస్థలో చదవాలి. ఒకచోట క్షయ నియంత్రణ బాగా చెబుతారు, మరోచోట ఆరోగ్య ఆర్థిక వ్యవహారాలు బాగా చెబుతారు. తిప్పేది అందుకే.

ఆ తండ్రి అడగని ప్రశ్న ఇంకొకటుంది, అసలు అడగవలసింది అదే. ఈ పట్టాతో యూరప్‌లో రోగిని పరీక్షించే లైసెన్సు రాదు. ఇది ఎం.డి.కి బదులు కాదు. "అమ్మాయి అక్కడే పెద్ద డాక్టరైపోతుంది" అనుకుని పొలం అమ్మిన ఇల్లు రేపు నిష్ఠూరమాడుతుంది. టీకా ఆఖరి గుడిసె దాకా ఎందుకు చేరలేదు, మందుండీ మనిషి ఎందుకు పోయాడు, ఇవీ ఇందులో నేర్పే ప్రశ్నలు. ప్రభుత్వ ఆరోగ్య శాఖల్లో, సహాయ సంస్థల్లో, పరిశోధనలో ఈ చదువు పనికొస్తుంది.

ఈ విద్యకు మన నేలతోనూ చుట్టరికం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని, దోమకో అణా కూలికి. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? 1899లో రాస్ లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. అలాంటి పాఠశాలలు మొదట వలస రాజ్యాల సైన్యాన్నీ వర్తకాన్నీ కాపాడడానికి లేచినవే. హుసేన్ ఖాన్ వంటివారి వైపు నుంచి రోగాన్ని చూడడం చాలా తర్వాత వచ్చింది.

ఇక ఖర్చు. వడ్డీ అప్పుకు వెనకాడే కుటుంబాలు స్కాలర్‌షిప్ దారి ముందు వెతకాలి. 2004లో మొదలైన యూరోపియన్ యూనియన్ వారి ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ స్కాలర్‌షిప్‌లో ఫీజు ఉండదు. 2021 నుంచి నెలకు 1,400 యూరోలు ఇస్తున్నారు. అయితే పలు దేశాల్లో చదివే ప్రతి కోర్సుకూ ఇది వర్తించదు. జాబితా ఏటికేడు చూసుకోవాలి.

చాలా చోట్ల పని అనుభవం కూడా అడుగుతారు. అందుకే ఆమెను ఇంకొంత కాలం ఆరోగ్య కేంద్రంలోనే ఉండనివ్వమన్నాం. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "బాసెల్‌లో చలి ఎక్కువటగా, మౌల్వీ సాబ్?" అన్నారు.