తాత సమాధి... వాళ్ల పొట్టే!

తాతను చంపి తినేసినవాళ్లు చేతికి చిక్కారు. నరికి పారేద్దామన్నారు జనం. వద్దన్నాడు నాయకుడు. తన తాత ఇప్పుడు వాళ్ల పొట్టల్లోనే ఉన్నాడనీ, పెద్దల సమాధిని ఎవరైనా తవ్వుకుంటారా అనీ అడిగాడు. అందరూ నోరెళ్లబెట్టారు!

ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కొండల దేశం లెసోతో. చుట్టూ దక్షిణాఫ్రికా, మధ్యలో ఇది. ఈ దేశానికి పునాది వేసిన మొష్వేష్వే గురించి అక్కడి బసోతోలు తరతరాలుగా చెప్పుకునే ఉదంతమిది.

1820ల్లో ఆ ప్రాంతమంతా యుద్ధాలు, కరవు. పశువులు పోయి, పంటల్లేక కొందరు మనుషుల్నే తినే దుస్థితి. 1824లో మొష్వేష్వే తన జనాన్ని వెంటబెట్టుకుని భద్రమైన చోటు కోసం బుథా-బుథే కొండ నుంచి బయల్దేరాడు. ముసలి తాత పీటే నడవలేక వెనకబడ్డాడు. రకొత్స్వానే అనే నాయకుడి మనుషులు ఆయన్ని పట్టుకుని తినేశారు. మిగతావాళ్లు థాబా బొసియూ చేరుకున్నారు. చుట్టూ నిట్టనిలువు రాళ్లు, పైన చదును నేల, నీటి ఊటలు... శత్రువు ఎక్కలేని కొండ అది.

తర్వాత ఆ నరమాంసభక్షకులు దొరికితే మొష్వేష్వే ఓ ఎద్దును కోయించాడు. దాని పొట్టలోని అరగని గడ్డిని వాళ్ల పొట్టలకు పూయించాడు. బసోతోల సంప్రదాయంలో అది సమాధి దగ్గర చేసే శుద్ధి. ఆ తర్వాత పశువుల్నీ భూమినీ ఇచ్చి, బతకమన్నాడు.

దీన్ని దయ అనొచ్చు. మనుషుల్ని కూడగట్టుకునే రాజనీతి అనీ అనొచ్చు. కానీ ఆయన మాట జనం తలకెక్కింది మాత్రం వాళ్ల మతం వల్లే.

బసోతోల నమ్మకంలో అందరికన్నా పైవాడు మొడిమో. ఆయనకు విగ్రహం లేదు, గుడి లేదు. నేరుగా పిలిస్తే పలికేంత దగ్గరగానూ ఉండడు. అందుకే మధ్యవర్తులు కావాలి. వాళ్లే బడిమో... అంటే చనిపోయిన పెద్దలు. నిన్న పోయినవాళ్లు మొన్న పోయినవాళ్లకు, వాళ్లు ఇంకా పాతవాళ్లకు చెప్పుకుంటూ పోతే మొర పైకి చేరుతుంది. చావంటే ఇల్లు వదిలిపోవడం కాదు, ఇంటి పెద్దగా మారడం! అందుకే ఒకప్పుడు శవాన్ని పశువు తోలులో చుట్టి, ముడుచుకు కూర్చున్నట్టుగా, తూర్పుముఖంగా పూడ్చేవారు. నాయకులకైతే పశువుల దొడ్డిలోనే సమాధి.

పశువుకు అంత విలువ మరి. 'ఆవు తడి ముక్కున్న దేవుడు' అని వాళ్ల సామెత. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే 'న్గాకా' అనే వైద్యుడు ఎముకలు విసిరి, అవి పడిన తీరును చదివి, ఏ పెద్దకు కోపమొచ్చిందో చెబుతాడు. ఆ పెద్ద పేరున పశువును కోసి, బంధువులంతా కలిసి తింటారు.

అంత్యక్రియలు జరగని పెద్ద శాంతించడు, ఇంటివాళ్లనూ ఉండనివ్వడు. మరి శవమే లేని పీటేకు కర్మ ఎక్కడ చేయాలి? ఆ ప్రశ్నకు మనవడు వెతికిన జవాబే... ఆ పొట్టలు.

1833లో ముగ్గురు ఫ్రెంచి మిషనరీలు థాబా బొసియూకి వచ్చారు. తమ దేవుడికి బసోతోల మాటనే తీసుకుని 'మొడిమో' అన్నారు. మొష్వేష్వే వాళ్లను ఆదరించాడు, బోధలు విన్నాడు. పాత ఆచారాల్నీ ఓ పట్టాన వదల్లేదు. చివరికి బాప్తిస్మానికి ఒప్పుకున్నాడు కానీ... అది జరగకముందే 1870 మార్చి 11న కన్నుమూశాడు.

ఇప్పుడు లెసోతోలో అత్యధికులు క్రైస్తవులే. అలాగని పెద్దల్ని మరిచిపోలేదు. దక్షిణాఫ్రికాలోని క్లారెన్స్ పట్టణం దగ్గర మొటౌలెంగ్ అనే పెద్ద గుహ ఉంది. చర్చి దుస్తుల్లో వచ్చేవారూ, పూసల దండల న్గాకాలూ అక్కడ పక్కపక్కనే ప్రార్థిస్తారు.

మార్చి 11 లెసోతోలో జాతీయ సెలవు. మొష్వేష్వే సమాధి థాబా బొసియూ కొండపైనే ఉంది. తాతకు సమాధి కట్టలేకపోయిన ఆ మనవడే... ఇప్పుడు ఓ దేశం మొత్తానికి పెద్ద!