క్లచ్చి లేని కారులో గేరు నూనె మార్చుట

కరీంనగర్ నుండి మంచిర్యాలకు పోవు రహదారిపై నేడు క్లచ్చి పెడలు లేని కార్లు కూడ తిరుగుచున్నవి. బొగ్గుగనులలో పనిచేయు పెద్ద డంపర్లను ఎరిగిన రామగుండం వారికి ఆటోమేటిక్ గేరుపెట్టె వింత కాదు. కాని అది ఇంటి ముంగిట నిలిచినప్పుడు దానిలోని నూనెను ఎవరు, ఎప్పుడు మార్చవలెనను ప్రశ్న పుట్టుచున్నది.

సామాన్య గేరుపెట్టెలో నూనె పళ్ళచక్రములకు కందెన మాత్రమే. ఆటోమేటిక్ దానిలో నూనెయే పని చేయును. ఎదురెదురుగా రెండు పంకాలు ఉంచి ఒకదానిని తిప్పిన, ఆ గాలికి రెండవది తిరుగును. గాలికి బదులు నూనెను ఊహించుకొన్న అదే టార్క్ కన్వర్టర్. ఇంజను శక్తి నూనె ద్వారానే చక్రములకు చేరును. లోపలి క్లచ్చిలను నొక్కి గేర్లు మార్చునదియు ఆ నూనె పీడనమే. పాస్కల్ సూత్రమును పరీక్షకై చదివిన మన విద్యార్థులు దానిని ఇక్కడ పనిలో చూడవచ్చును. 1939లో ఓల్డ్స్‌మొబైల్ కారుకు హైడ్రామాటిక్ గేరుపెట్టె వచ్చినది. తరువాత చాల కాలము ఇట్టి నూనెలలో తిమింగలపు తైలము కలిపెడివారు. 1970వ దశకపు ఆరంభములో అమెరికాలో దానిని నిషేధించిన పిదప ప్రత్యామ్నాయములు వెదకిరి.

నూనెకు శత్రువు వేడి. మన జిల్లాలలో వేసవి 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. వేడికి నూనె ఆక్సీకరణము చెంది, ఎరుపు పోయి నల్లబడి, మాడిన వాసన కొట్టును. ‘జీవితాంతము మార్చనక్కరలేదు’ అను మాటను నమ్మువారు, కారుతో వచ్చు పుస్తకములో తీవ్ర ఉష్ణము, ధూళి, ఆగి ఆగి నడుపుట గూర్చి వేరుగా వ్రాసియున్నదేమో చూడవలెను.

మా మిత్రబృందములో ఒకరు కొన్న పాత కారు గేరు మారునప్పుడు వణకసాగినది. మేము నలుగురము ఒక ఆదివారము మంచిర్యాలలో పని మొదలిడితిమి. అడుగు బోల్టు విప్పి నూనెనంతయు కార్చితిమి. తరువాత పైనుండి నూనె పోయు బోల్టుకు పానా వేసితిమి, అది కదలలేదు! బండిలో నూనె లేదు, పోయుటకు దారి లేదు, నడుపుటకు వీలు లేదు. చివరకు వచ్చిన ఉస్తాద్ దానిని విప్పి, నవ్వి, ‘ముందు పోసే రంధ్రం విప్పాలె సార్, తర్వాతనే కార్చాలె’ అనెను. మేము నేర్చిన మొదటి పాఠమిదే.

జాకు ఒక్కదానిని నమ్మి కారు క్రింద దూరరాదు. అది జారిన ప్రాణము పోవును. గట్టి స్టాండ్లు పెట్టి, బండి నలువైపుల సమముగా ఉండునట్లు చూడవలెను. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు కార్చవలెను. కారిన దానిని కొలిచి, కొత్తది అంతే పోయవలెను. మట్టము చూచు విధము బండికొక తీరు. చాలవాటిలో ఇంజను నడచుచుండగా, నిర్ణీత ఉష్ణోగ్రతవద్ద చూడవలెను. ఆ సమయమున మూసిన షెడ్డులో ఉండరాదు; పొగలోని విషవాయువు కంటికి కనబడదు. బోల్టుకున్న అయస్కాంతముపై మెత్తని బూడిదరంగు పిండి సహజము. లోహపు ముక్కలు కనబడిన మాత్రము అది మన చేతి పని కాదు.

అన్నిటికన్న ముఖ్యము నూనె ఎంపిక. సి.వి.టి. గేరుపెట్టెకు దాని ప్రత్యేక నూనెయే కావలెను. వేరొకటి పోసిన లోపలి బెల్టు చెడును. 2014 నుండి చవక కార్లలో వచ్చిన ఎ.ఎం.టి. పేరుకు ఆటోమేటిక్ అయినను, లోపల ఉన్నది సామాన్య గేరుపెట్టెయే. దానికి ఈ ఎర్రనూనె పనికిరాదు. దుకాణదారు ‘అన్నిటికీ ఇదే’ అన్నను పుస్తకమునే నమ్ముడు.

ఒకసారి కార్చిన మొత్తము నూనె రాదు. కన్వర్టరులో చాల మిగిలియుండును. ప్రతిసారి నూటికి 40 పాళ్ళు పోవుననుకొన్న, మూడుసార్లకు పాతది సుమారు 22 పాళ్ళు మిగులును. కనుక మధ్య మధ్య బండి నడిపి మేము మూడుసార్లు మార్చితిమి. వణకు పూర్తిగా పోలేదు గాని చాల తగ్గినది.

ఇక కారిన నూనె. మురుగుకాలువలో పోసిన అది గోదావరికి చేరును. మేము దానిని డబ్బాలలో నింపి, మూతలు బిగించి, వాడిన నూనెను సేకరించువారికి ఇచ్చుటకై ఆ ఉస్తాద్‌కే అప్పగించితిమి.